ఎర్ర బిళ్ల ఉన్న వైపు పైకి

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. వయసుతో పాటు తగ్గుతుందన్నారు, తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా కడుపులో కాస్త మంటగానే ఉంది.

నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో పన్నెండేళ్లకు పైగా పనిచేస్తున్నాను. మేం తయారుచేసేది విప్పి బిగించుకునే సామాను. అల్మారాలు, పుస్తకాల అరలు, బల్లలు పలకలుగా కోసి, రంధ్రాలు వేసి, అట్టపెట్టెల్లో సర్ది పంపిస్తాం. కొన్నవాళ్లు వడ్రంగిని పిలవకుండా తామే బిగించుకోవాలి. ఇల్లు మారితే విప్పుకుని, కొత్త ఇంట్లో ఇంకో తీరుగా కలుపుకోవాలి. పొడుగు అల్మారా అక్కడ రెండు పొట్టి అల్మారాలు కావాలన్నా అవ్వాలి. ఏ పలక ఎంత ఉండాలి, ఏ రంధ్రం ఎక్కడ పడాలి అన్నది కంప్యూటర్లో గీసేది నేను. ఉప్పల్‌లో, మల్కాజిగిరిలో ఎవరింటికి శుభకార్యానికి వెళ్లినా, ముందు ఆ ఇంటి గోడల వైపు చూసి, నా అల్మారా కనిపిస్తే మా ఆవిడను మోచేత్తో పొడిచేవాణ్ని. ఆమె "సూసిన" అని మాత్రం అనేది.

ఉప్పల్‌లో మాకు సొంత ఇల్లుంది. చిన్నదే, రెండు గదులు. ముందు గదిలో నేను మొట్టమొదట గీసిన అల్మారా ఉంటుంది. ఆ గోడకు వానాకాలంలో చెమ్మ దిగుతుంది. అలాంటి గోడకు ఆనించి పన్నెండేళ్లుగా నిలబెట్టినా, దాని వెనక పలక ఉబ్బలేదు, వంగలేదు, బూజు పట్టలేదు. గోడకూ పలకకూ మధ్య వేలెడంత సందు ఉంచి గీశాను కాబట్టి గాలి ఆడుతుందని షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ని. రెండోసారి చెప్పినా సిగ్గుపడేవాణ్ని కాదు.

మా యజమాని కోస్తా వైపు మనిషి. ఏదో ప్రభుత్వ కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక ఈ షెడ్డు పెట్టాడు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. ఏ కొత్త డిజైనైనా తయారీకి వెళ్లే ముందు, షెడ్డు మొహం ఎప్పుడూ చూడని మనిషిని ఒకరిని శనివారం మధ్యాహ్నం తీసుకొస్తారు. పెట్టె ముందు కూర్చోబెట్టి బిగించమంటారు. గీసినవాడు నేల మీద పసుపు గీతకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడాలి, నోరు తెరవకూడదు. బిగించే మనిషి ఏదైనా అడిగితే ఎవరూ జవాబు చెప్పరు. యజమాని మాత్రం సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీస్తాడు. మూడు గీతలు దాటితే డిజైన్ వెనక్కి. మావాళ్లు దాన్ని నోరుకట్టు పరీక్ష అనేవారు. ఆ గీతలు గీస్తున్నప్పుడు సుద్ద కీచుమనే చప్పుడు నా పళ్లకు తగిలేది.

ఘట్‌కేసర్ దగ్గర కొత్తగా కట్టిన ఇళ్లలో అద్దెకు దిగేవాళ్ల కోసమని ఒక అల్మారా గీయమన్నాడు యజమాని. నాలుగు నెలలు కూర్చుని గీశాను. పరీక్షకు మెట్రో స్టేషన్ దగ్గర ఆటో నడిపే ఒకాయనను తెచ్చారు. పెట్టె విప్పి, అందులోని చిన్న చిన్న సంచులు చూసి, ఆయన తల గోక్కున్నాడు.

"ఏంది సార్ ఇది? ఇంజన్ ఇప్పి ముంగట పోసినట్టున్నది. ఇది ఏడ వడ్తది?"

ఒక గీత. "మరి ఇది?" ఇంకో గీత. అలా ఏడు గీతలు పడ్డాయి. ఏడో గీత తర్వాత ఆయన లేచి, చేతులు దులుపుకుని, చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. దానికి కూడా గీత గీస్తారేమోనని భయపడ్డాను. నా తల కొట్టేసినట్టయింది. ఇంతకుముందెప్పుడూ నావి మూడు దాటలేదు.

అప్పుడే ప్యాకింగ్ బల్ల దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. స్క్రూలు లెక్కపెట్టి సంచుల్లో వేసే ఆమె. జనగామ వైపు మనిషి, మా దగ్గర చేరి మూడేళ్లయి ఉంటుంది. అప్పటిదాకా ఆమెతో నేను పది మాటలు మాట్లాడి ఉండను.

"సార్, ఒక్క మాట చెప్పాల్నా? గిన్ని రకాల స్క్రూలు ఎందుకు సార్? ఏడు తీర్లున్నయి. లెక్కవెట్టెటందుకు నాకే తప్పు వోతున్నది, ఇంట్ల ఆళ్లకు పోదా?"

యజమాని ఆమె వైపు తిరిగాడు. "ఎన్ని ఉండాలంటావమ్మా?"

"ఒక్కటి."

ఎవరో నవ్వారు. నేనే నవ్వి ఉంటాను. ఆమె బల్ల కిందికి వంగి, అట్టపెట్టె ముక్కలు కత్తిరించి సుతిలి తాడుతో కట్టిన ఒక బొమ్మ అల్మారా తీసింది. మూరెడు ఎత్తుంది. భోజనాల వేళ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుందట. పక్క పలకలు రెండూ ఒకటే, ముందు వెనక తేడా లేదు. అరలన్నీ ఒకటే. తలుపును ఎడమకు కట్టొచ్చు, విప్పి కుడికీ కట్టొచ్చు. ఎక్కడ చూసినా ఒకే రకం ముడి, అంటే ఒకే రకం బోల్టు.

"ఏడేండ్లల్ల ఆరిండ్లు మారినం సార్, చిలుకానగర్ల రెండు, రామంతాపూర్ల ఒకటి, బోడుప్పల్ల మూడు. ఒక ఓనరమ్మ అల్మార నైరుతి మూలకే ఉండాలె, తలుపు ఉత్తరం దిక్కు తెరువాలె అంటది. ఇంకో ఇంట్ల గా మూలకు కిటికుంటది. తలుపేమో గోడకు కొట్టుకుంటది. అద్దెకుండెటోళ్లకు తలుపు ఎటంటె అటు తిరగాలె సార్, గంతే."

యజమాని ఆ అట్టబొమ్మను చేతిలోకి తీసుకుని, తలుపు విప్పి రెండో వైపు కట్టి చూశాడు. "ఇన్నేళ్లలో ఈ సంగతి మనకెవరికీ తట్టలేదే!" అన్నాడు. మనకు అని అన్నాడు గానీ చూసింది మాత్రం నా వైపు.

నా మొహం మాడిపోయింది. సొంతింట్లో, ఒకే గోడకు, ఒకే అల్మారా పెట్టుకుని కూర్చున్నవాడికి ఎట్లా తడుతుంది? అద్దె ఇల్లు మారడం నేను పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చూశాను, అది కూడా సామానంతా మా బామ్మర్దులే మోశారు. అయినా, ఒక అట్టముక్కల బొమ్మ చూసి అంత పొంగిపోవాలా అని ఆ సాయంత్రమంతా పళ్లు కొరుక్కున్నాను.

ఆమెకు కంప్యూటర్ రాదు. కాబట్టి ఆమె చెబుతుంటే గీయవలసినవాణ్ని నేనే. రెండు వారాలు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ప్రతిదానికీ "గిది జర గిటు జరుపు అన్నా" అంటూ తెర మీద వేలు పెట్టేది. ఆమె లేచి వెళ్లిన వెంటనే నేను గుడ్డ తీసుకుని ఆ వేలిముద్రలన్నీ తుడిచేవాణ్ని. ఒకసారి తుడుస్తుండగా వెనక్కి వచ్చి, "మస్తు శుబ్రం అన్న నీది" అని మెచ్చుకుంది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. అందుకు కూడా నాకు మండింది.

ఇంకా మండిన సంగతేమిటంటే, డిజైన్ బాగుంది. నేను చెడగొడదామని చూసినా చెడదు. రెండు పొట్టివి ఒకదాని మీద ఒకటి పెడితే పొడుగుదవుతుంది, పక్కన పెట్టి పైన పలక వేస్తే బల్ల అవుతుంది. ప్రతి రోజూ ఏదో ఒక లోపం దొరుకుతుందని ఆశగా తెర ముందు కూర్చునేవాణ్ని.

పదో రోజో పదకొండో రోజో దొరికింది. కింది అరలో బియ్యం డబ్బా పట్టాలని ఆమె అడిగితే, అరలు ఆనే రంధ్రాల వరుసను కాస్త పైకి జరిపాను. దాంతో పక్క పలకలో కింది చివర నుంచి మొదటి రంధ్రం దూరంగా, పై చివర నుంచి ఆఖరి రంధ్రం దగ్గరగా పడింది. పైకి చూస్తే రెండు చివరలూ ఒకేలా ఉంటాయి. తెలియనివాళ్లు ఒక పలకను సరిగ్గా, ఇంకోదాన్ని తలకిందులుగా పెట్టారంటే బోల్టులన్నీ చక్కగా ఎక్కుతాయి, అల్మారా నిలబడుతుంది. కడపట అరలు పెట్టబోయేసరికి అన్నీ ఒక పక్కకు ఒరిగిపోతాయి. అప్పుడు మొత్తం మళ్లీ విప్పాలి.

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఏమైందన్నా?" అంది ఆమె.

"ఏం లేదమ్మా" అన్నాను.

ఒక చిన్న గుర్తు పెడితే సరిపోయేది. ఏ చివర పైకి అని ఒక గీత, ఒక బాణం, ఏదైనా. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు. పన్నెండేళ్లు పనిచేసినవాణ్ని, నా అల్మారాకు ఏడు గీతలు పడినప్పుడు ఎవరైనా ముందుగా వచ్చి చెప్పారా అనుకున్నాను. అదేం సమాధానమని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం గట్టిగానే అనిపించింది. ఈమె డిజైన్ గనక గట్టెక్కితే రేపటి నుంచి నా కుర్చీ పక్కన స్టూలు కాదు, కుర్చీయే పడుతుంది. నాకున్న భయం అదొక్కటే.

పరీక్ష రోజు దగ్గర పడింది. బయటి మనుషులు సరిగ్గా కుదరడం లేదని, ఈసారి మనవాళ్ల ఇళ్లలోంచే షెడ్డు చూడనివాళ్లను ఎవరినైనా తీసుకురమ్మన్నాడు యజమాని. అందరికంటే ముందు నేనే నోరు తెరిచాను.

"మా ఆవిడను తీసుకొస్తాను సార్."

ఎందుకన్నానో దాచడం దేనికి? మా ఆవిడ చేతిలో స్క్రూడ్రైవర్ నేనెప్పుడూ చూడలేదు. మిక్సీ ప్లగ్ వదులైతే నేను వచ్చేదాకా ఆగేది. బల్బు పోతే చీకట్లోనే వండేది గానీ తను మార్చేది కాదు. ఆ పలకను ఆమె తప్పక తలకిందులు చేస్తుంది, నాలుగు గీతలేం ఖర్మ, పది పడతాయి అనుకున్నాను. ఇంట్లో మనిషిని తీసుకెళ్లి ఇంకొకరి డిజైన్ మీదికి వదులుతున్నానన్న ఆలోచన నాకు తప్పుగా కూడా తోచలేదు.

శనివారం బండి మీద తీసుకెళ్లాను. హబ్సిగూడ దాటుతుండగా వెనక నుంచి అడిగింది.

"నేనేం జెయ్యాలె ఆడ?"

"ఏం లేదు, పెట్టె విప్పి నీకు వచ్చినంత బిగించు. రాకుంటె రాదని చెప్పు. అడగాలనిపిస్తె ఎన్నిసార్లయినా అడుగు, ఫికర్ జెయ్యకు."

బండి అద్దంలో ఒక్క క్షణం నా మొహం చూసింది.

షెడ్డులో అందరూ చుట్టూ నిలబడ్డారు. ప్యాకింగ్ ఆమె పసుపు గీతకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడింది, పెదాలు కదులుతున్నాయి, దేవుడికేదో మొక్కుకుంటున్నట్టుంది. ఆమె పక్కన నేను. యజమాని సుద్దముక్కతో స్టూలు మీద.

మా ఆవిడ కొంగు నడుముకు చెక్కుకుని కింద కూర్చుంది. ముందు చేతిరుమాలు పరిచి, బోల్టులన్నీ దాని మీద పోసి లెక్కపెట్టింది. పలకలను పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి, పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు వేసుకుంది. తొందరేమీ లేదు. చాయ్ తాగి వచ్చి అంట్లు తోముకునే మనిషిలా ఉంది. అప్పటికే నాకెక్కడో కొంచెం కలుక్కుమంది. మొదటిసారి పెట్టె విప్పేవాళ్లు బోల్టులు లెక్కపెట్టరు. ముందు పలకల మీద పడతారు.

తర్వాత పక్క పలకలు రెండూ తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టింది. బొటనవేలు, చూపుడువేలు పెట్టి ఒక చివర కొలిచింది. రెండో చివర కొలిచింది. ఒక పలకను పట్టుకుని గిరుక్కున తిప్పింది. రెండు వరుసలూ సరిగ్గా ఒక గీతలోకి వచ్చాయి. అప్పుడు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి బొట్టుబిళ్లల అట్ట తీసి, ఎర్రటివి రెండు ఒలిచి, రెండు పలకల పై చివరలకు అంటించింది.

యజమాని స్టూలు మీంచి లేచి, తను పెట్టిన గీతను తనే దాటి వెళ్లి ఆ బిళ్లల ముందు వంగి నిలబడ్డాడు. మా ఆవిడ తలెత్తలేదు. బోల్టులు బిగించే అలెన్ కీ తీసుకుంది, తిప్పుతూ పోయింది. అరలు నిక్కచ్చిగా కూర్చున్నాయి. తలుపు ఎడమ వైపు పెట్టి, తెరిచి చూసి, ఆగి, ఏమనుకుందో గానీ విప్పి కుడి వైపు పెట్టింది. ఒక్క ప్రశ్న అడగలేదు. నేల మీద ఒక్క గీత పడలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, రెండు చేతులూ చెక్కల్లాగా తగిలాయి. ప్యాకింగ్ ఆమె మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో సార్, మీద కింద తేడా ఉన్నది గదా! గిది నేను సూడనే లేదు. వదిన గిట్ల బిళ్ల వెట్టకపోతె ఆగమయితుండె."

యజమాని నా వైపు తిరిగాడు. "గీసింది నువ్వే కదయ్యా. నీ కంటికి కనపడలేదా?"

"లేదు సార్" అన్నాను.

మా ఆవిడ రుమాలు మడుస్తూ అప్పుడు తలెత్తి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

అల్మారా ఖాయమైంది. ప్రతి పక్క పలక పై చివరా ఒక ఎర్ర బిళ్ల అచ్చువేయాలని యజమాని అక్కడికక్కడే చెప్పాడు. పెట్టెలో పెట్టే కాగితం మీద "ఎర్ర బిళ్ల ఉన్న వైపు పైకి" అని టైపు చేసింది నేనే. ఆ బిళ్ల ఎంత వెడల్పుండాలో మా ఆవిడ అంటించినదాన్ని స్కేలు పెట్టి కొలిచి మరీ గీశాను. నేను గీస్తుండగా ఆడవాళ్లిద్దరూ ప్యాకింగ్ బల్ల మీద ఒకే టిఫిన్ డబ్బాలోంచి తింటున్నారు. ఎన్నో ఏళ్ల స్నేహితుల్లా నవ్వుతున్నారు. నాకు ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

"ఎట్ల తెలిసింది వదినా నీకు?" అని ప్యాకింగ్ ఆమె అడగడం వినపడింది.

"ఇంట్ల అలవాటే" అంది మా ఆవిడ.

ఆ మాట నాకు చెప్పులో రాయిలా తగులుకుంది. ఇంటికి వెళ్లేదాకా అడగలేదు, రాత్రి అన్నం దగ్గర అడగలేదు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ అడిగాను.

"ఇంట్ల అలవాటేంది?"

ఆమె లేచి, కుట్టుమిషన్ డ్రాయర్ లాగి, చిన్న గుడ్డమూట తెచ్చి నా ముందు విప్పింది. అలెన్ కీ. నేను పన్నెండేళ్ల కింద ఇంటికి తెచ్చి, పోయిందనుకున్నది. మూలలన్నీ అరిగి నున్నగా ఉంది.

"ఏటా వానకాలంల గా గోడ తడుస్తది. నువ్వు డ్యూటీకి పోంగనే సామానంత తీసి అల్మార ఇప్పుత. గోడకు టేబుల్ ఫ్యాన్ వెడ్త. పలకలు ఎండకు వెడ్త. పొద్దుమీకేటాళ్లకు మళ్ల బిగిస్త. నువ్వొచ్చేటాళ్లకు బట్టలు గూడ సదిరే ఉంటయి."

"ఎన్నిసార్లు?"

"ఏటా రెండుసార్లు. మొదటిసారి పొద్దంత వట్టింది. పక్క పలక ఉల్టా వడ్డది, అరలన్ని ఒక దిక్కు ఒరిగినయి. మళ్ల ఇప్పి బిగించిన. ఇంక ఎప్పటికి తప్పు వోవద్దని బిళ్లలు పెట్టుకున్న. నువ్వేమో గీకేస్తుంటివి."

గీకేసేవాణ్ని. నిజమే. అల్మారా లోపల అక్కడక్కడా బొట్టుబిళ్లలు కనిపిస్తే, అద్దానికి అంటించే అలవాటు ఇక్కడికీ తెచ్చిందని తిట్టి, బ్లేడుతో గీకి పారేసేవాణ్ని. నా పలక మీద మరక పడుతోందని. ఆమె మళ్లీ అంటించేది, నేను మళ్లీ గీకేవాణ్ని. నా అల్మారాకు నా ఇంట్లోనే ఏటా నోరుకట్టు పరీక్ష జరుగుతోంది, నోరు కట్టుకున్నది ఆమె.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అందరికీ చెప్పుకుంటుంటివి గదా, గాలి ఆడుతదని."

ఆమె చాయ్ గ్లాసులు తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగింది.

"గా చెల్లె డిజైన్ల తప్పు నీకు ముందుగాల్నే కండ్లవడ్డది గదా? నాకు రాదనే తీస్కపోయినవ్ గదా?"

లేదు సార్ అని చెప్పినంత సులువుగా ఆమెతో లేదని చెప్పలేకపోయాను. అవుననీ అనలేదు. ఆమె కూడా జవాబు కోసం నిలబడలేదు, గ్లాసులు కడగడానికి వెళ్లిపోయింది. ప్యాకింగ్ ఆమెకైతే ఆ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు నా పక్కనే కుర్చీ వేశారు. పొద్దున్నే "అన్నా" అంటూ వస్తుంది. తెర మీద వేలు పెడుతుంది. నేను తుడవడం మానేశాను, మండడం మానలేదు.

ఆ ఆదివారమే పదింటికి వాన తెరిపిచ్చింది. ముందు గది గోడ మీద అప్పటికే చెమ్మ మచ్చ దిగింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఆమె చేసిన పని నేను చేయలేనా? గీసినవాణ్ని. బట్టలన్నీ తీసి మంచం మీద పడేసి, అరిగిన ఆ కీ పట్టుకుని అల్మారా మొత్తం విప్పాను. పలకలు వాకిట్లో ఆరబెట్టాను. వెనక పలకకు గాలి ఆడలేదని, కింది మూల తడిసి మెత్తబడి ఉందని అప్పుడు మొదటిసారి చూశాను.

మధ్యాహ్నం బిగించడానికి కూర్చున్నాను. ఆమె వంటింట్లోంచి వచ్చి, గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. నిలబడిన తీరు చూడగానే అర్థమైంది. బోల్టులు ఎక్కించాను, పలకలు నిలబెట్టాను, కింది అర పెట్టాను. ఒరిగింది. విప్పి, కంగారులో రెండు పలకలూ తిప్పి, మళ్లీ పెట్టాను. ఈసారి రెండో వైపు ఒరిగింది. ఏ పలకకు ఏ చివర పైకి ఉండాలో తేల్చుకోలేకపోయాను. పలకల మీద ఎక్కడైనా గుర్తుందేమోనని వెతికాను. నేను బ్లేడుతో గీకిన గీతలు మాత్రం కనిపించాయి.

చెమట తుడుచుకుని, తల ఎత్తకుండానే అడిగాను.

"ఇది ఏ దిక్కు పైకి?"

ఆమె కిటికీలో ఉన్న ముగ్గు డబ్బాలోంచి సుద్దముక్క తీసి, వంగి, గుమ్మం దగ్గర నేల మీద ఒక గీత గీసింది.